ఇచ్ఛాప్రసూతి

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున, ఇంద్రుడు చెరగొనిపోవుచున్న గర్భవతి లీలావతిని నారదుడు విడిపించి తన ఆశ్రమమున నుంచెను. ఆమె మునిని సేవించి కోరినవి రెండు: గర్భక్షేమము, ఇచ్ఛాప్రసూతి. అనగా తాను తలచిన వేళ కనుట. పౌరాణికులు గర్భస్థుడైన ప్రహ్లాదుడు వినిన ఉపదేశమును విస్తరింతురేగాని, తల్లి కోరికను చెప్పక దాటుదురు. ఆ ఇచ్ఛ ఆమెది. అత్తవారిది కాదు, పంచాంగముది కాదు.

నేడో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశమున 42కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. వైద్యావసరమున చేయునది ప్రాణదానమే. సుముహూర్తమునకై నెలలు నిండకముందే కడుపు కోయించుట మాత్రము ఏ శాస్త్రము విధించినది? జాతకము పుట్టిన వేళను చూచునుగాని, పుట్టుకకు వేళను నిర్ణయింపదు. ముహూర్తము కోరి వచ్చిన పెద్దలను దైవజ్ఞుడు మొదట అడుగవలసినది, వైద్యురాలు ఏమనినది, అమ్మాయి ఏమనుచున్నది యని.