బొంగరాల వీరాచారి

ఒక ఊళ్లో వీరాచారి అనే వడ్రంగి ఉండేవాడు. మంచాలూ నాగళ్లూ చేసినా అతనికి పేరు తెచ్చినవి బొంగరాలే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. తుమ్మ చేవ ఏరి, తరిమెన పట్టి, మేకు దిగ్గొట్టాక తాడు చుట్టి తనే ఒకసారి విసిరి చూసేవాడు. కాస్త తడబడినా మళ్లీ ఉలి అందుకునేవాడు. ధర అణా. అణా లేని పిల్లలకి అరువు. బడి విడిచాక రావిచెట్టు కింద గిరి గీసుకుని పిల్లలు ఆడుతుంటే, ఒకడి మేకు ఇంకొకడి బొంగరం మీద పడి గాట్లు పడేవి. ఎన్ని గాట్లుంటే అంత గొప్ప. "ఆచారి బొంగరం" అన్న పేరు పుట్టింది ఆ గిరిలోనే.

ఆ ఊళ్లోనే పుట్టి పట్నంలో స్థిరపడ్డ షావుకారు ఒకాయన ఒకనాడు వచ్చాడు. "ఆచారీ, గంధపు చెక్కతో బొంగరం చెయ్యి, వెండి పట్టీ వెయ్యి. అలాంటివి పన్నెండుకి మించి చెయ్యనని మాటివ్వు. ఒక్కోదానికి యాభై రూపాయలు ఇప్పిస్తాను" అన్నాడు. పన్నెండూ నెలలో తోటి షావుకార్లకి చెల్లిపోయాయి. మరుసటేడు ఎర్రచందనంతో ఇంకో పన్నెండు. నిరుడు కొన్నవాళ్లకే ముందు వంతు. కొందరు అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు, కొందరు వారం తిరక్కుండా రెట్టింపు ధరకి అమ్ముకున్నారు. ఒక్కటీ నేల మీద తిరగలేదు.

తరిమెన ఒక్కటే, చేతులు రెండే. అణా బొంగరాలు మొదట ఆలస్యమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. "తాతా, నా బొంగరం పగిలింది" అంటూ వచ్చిన పిల్లాడితో "పండక్కి చూద్దాంలేరా" అనేవాడు. పండగలు వెళ్లిపోయాయి. పిల్లలు గోళీలకి మళ్లారు.

"ఏమయ్యా, ఆ షావుకార్లకి బొంగరం మీద మోజు ఎక్కడిది? చిన్నప్పుడు మీ నాన్న చేసిన అణా బొంగరాలు తిప్పినవాళ్లే కదా! ఈ పిల్లలకి లేకుండా చేస్తే రేపు నీ గడప తొక్కేదెవరు?" అంది భార్య. చేతినిండా డబ్బు ఆడుతోంది, ఆచారి వినిపించుకోలేదు.

ఇరవై ఏళ్లకి పాత షావుకార్లు పోయారు. కొడుకులు ఆ బొంగరాలు పట్టుకొచ్చి, తిరిగి కొనుక్కోమని ఆచారినే అడిగారు. వాళ్లలో ఒక్కడికీ తాడు చుట్టడం రాదు.

నీతి: అరుదైన వస్తువు మీద కోరిక, అందరికీ అందిన వస్తువు వల్లే పుడుతుంది. అందేదాన్ని ఆపేస్తే ఆ కోరిక ఒక తరంతో సరి.

స్పోర్ట్స్ కార్లు చేసేవాళ్లు వినాల్సిన కథ ఇది, ముఖ్యంగా పోర్షే. పోర్షే 356 కారు ధర మరీ ఎక్కువగా ఉంది, హంగులు తీసేసి 3,000 డాలర్ల లోపు కారు కావాలని న్యూయార్క్ దిగుమతిదారు మ్యాక్స్ హాఫ్‌మన్ పట్టుబడితే, 1954లో 2,995 డాలర్లకి స్పీడ్‌స్టర్ వచ్చింది. ముందు అద్దం పొట్టి, సీట్లు పలచన. తలుపులకి పైకి లేచే అద్దాలు లేవు, వానొస్తే తగిలించుకోవడానికి తెరలుండేవి. కాలిఫోర్నియాలో చాలామంది వారమంతా పనికి నడిపిన కారునే ఆదివారం రేసుకి దించేవారు. నటుడు జేమ్స్ డీన్ 1955లో పామ్ స్ప్రింగ్స్ రేసులో నడిపిందీ స్పీడ్‌స్టరే. అమెరికాలో పోర్షేకి పేరు తెచ్చింది ఇలాంటివాళ్లే.

2019లో అదే పేరు పోర్షే 911 మోడల్ మీదికి వచ్చింది. తొలి పోర్షే కారు పుట్టిన 1948కి గుర్తుగా 1,948 కార్లే. ధర 2,70,000 డాలర్ల పైమాట. పాత 2,995 డాలర్లు 2019 లెక్కలో 30,000 కూడా దాటవు. అంతకుముందు 2016లో 911 ఆర్, 991 కార్లు. కొత్తలో 1,84,900 డాలర్లకి ఇచ్చినవి కొద్దికాలానికే రెట్టింపుకి మించి పలికాయి. 2023లో 911 ఎస్/టీ, 1,963 కార్లు. ఈ రెండింటిలోనూ మాన్యువల్ గేరే. అవి నడపడానికి పుట్టిన కార్లు. అలాంటివి కూడా పెట్టుబడి సరుకు కావడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కంపెనీల ఇబ్బందులు కల్పితం కావు. కాలుష్య, భద్రతా నిబంధనలు బిగుస్తున్నాయి, చవక కారుకీ ఆ ఖర్చు తప్పదు, లాభం మాత్రం తక్కువ. కానీ 1990ల మొదట్లో పోర్షే మునిగిపోయే స్థితిలో ఉన్నప్పుడు గట్టెక్కించిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది 911 కన్నా చవకైన బాక్స్‌స్టర్, 1996లో వచ్చింది. పెట్రోల్ బాక్స్‌స్టర్ తయారీ 2025లో ఆగింది. ఇప్పుడు అన్నిటికన్నా చవకైన 911 కూడా అమెరికాలో లక్ష డాలర్లు దాటిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ మాజ్డా కంపెనీ చవక స్పోర్ట్స్ కారు మియాటా. అది 1989లో వచ్చింది, 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. 2019లో ముప్పయ్యో ఏటికి నారింజ రంగులో 3,000 ప్రత్యేక కార్లు చేశారు, మామూలు మియాటా మాత్రం ఆగలేదు. అమెరికాలో మియాటాలకే ఒక రేసు తరగతి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి రేసు సామగ్రి బిగించి అందులో దిగుతారు. పోర్షే ఇప్పుడు చెయ్యాల్సింది ఇలాంటి వాళ్లు కొనగల కారు. ఇంకో లిమిటెడ్ ఎడిషన్ దాని తర్వాతే.