తొమ్మిది రోజులూ, అయిదు ఊళ్ళూ

స్పెయిన్ ప్రయాణానికి మాకు దొరికింది తొమ్మిదే రోజులు. మావారు కాగితం మీద గళ్ళు గీసి మాడ్రిడ్, బార్సిలోనా, సెవిల్, గ్రనడాలకు రెండేసి రోజులు, కార్డోబాకి ఒకటి అని పంచేశారు. పైగా, ఆస్తి పంపకాల్లో పెద్దమనిషిలా "ఎవరికీ అన్యాయం జరగలేదు" అన్నారు!

మరి ప్రయాణం వాటా ఏదీ? 1992లో మొదలైన హైస్పీడ్ రైల్లో మాడ్రిడ్ నుంచి సెవిల్‌కి రెండున్నర గంటలే. అయినా పెట్టెలు సర్దటం, స్టేషన్ చేరటం, హోటల్ వెతుక్కోవటం... ఊరు మారిన ప్రతిసారీ ఓ పూట గోవిందా!

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి పని గౌడీ 1883లో చేపట్టాడు. 1926లో పోయేదాకా, 43 ఏళ్ళు, దాన్ని వదల్లేదు. అప్పటికీ పూర్తికాలేదు. అలాంటి దానికి మా కాగితంలో దక్కింది రెండు గంటలు!

సమంగా పంచితే న్యాయం చేసినట్టేనా? ఇంట్లో నేనూ అంతే. పిల్లలకింత, అత్తగారికింత, రాతకింత అని కొలిచి పెడతాను. ఎవరి దగ్గరా తీరిగ్గా కూర్చున్న గుర్తు లేదు. ఎవరూ అడగలేదు కనక అన్యాయం జరగలేదనుకున్నాను.

చివరికి మూడూళ్ళు కొట్టేశాను. మాడ్రిడ్‌కి నాలుగు రోజులు, బార్సిలోనాకి అయిదు. "గ్రనడాలో అల్‌హంబ్రా చూడలేదా?" అని రేపెవరైనా అడిగితే మనసు చివుక్కుమంటుంది. అననివ్వండి. చూడనిదాన్ని చూడలేదనే చెబుతాను.

మావారు మాత్రం ఆ పాత కాగితం ఇంకా పారెయ్యలేదు లెండి!