చుక్కలు పెట్టే కన్ను

గాజు గొట్టంలో నీళ్లు, నీళ్లలో ఓ చిట్టెలుక. ఎక్కడానికి గట్టు లేదు, పట్టుకోవడానికి పుల్ల లేదు. గిరగిరా ఈదుతుంది, గోడను గోళ్లతో గీరుతుంది, కాసేపటికి ముక్కు మాత్రం పైకి పెట్టి తేలిపోతుంది. 1977లో రోజర్ పోర్సోల్ట్, ఆయన సహచరులు లోకానికి చెప్పిన పరీక్ష ఇది. ఆరు నిమిషాల్లో చివరి నాలుగు నిమిషాలే లెక్క: ఎంతసేపు కదలకుండా ఉంది? కుంగుబాటు మందు పడ్డ చిట్టెలుక అంత తొందరగా ఆగదు, ఇంకాసేపు ఈదుతుంది. ఆ కాస్త తేడాను పట్టుకోవడానికి దశాబ్దాల తరబడి ఎందరో స్టాప్‌వాచీలు చేతబట్టి కూర్చున్నారు.

ముందు వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. 1995లో మైఖేల్ డెట్కే, ఇర్విన్ లక్కీ బృందం ఎలుకలను అయిదేసి సెకన్లకు ఒకసారి చూసి రాసుకుంది: ఈదుతోందా, గోడెక్కబోతోందా, తేలుతోందా? అలా చూడగా చూడగా ఒక వింత బయటపడింది. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లూయాక్సెటిన్ ఇస్తే ఈత పెరిగింది. నారడ్రినలిన్ మీద పనిచేసే డెసిప్రమిన్ ఇస్తే గోడెక్కే ప్రయత్నం పెరిగింది. మెదడులో ఏ రసాయనం కదిలిందో పాదాలు చెప్పేశాయి! ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే మనిషి కన్ను అలసిపోతుంది. మునగకుండా ఉండటానికి ఎలుక ఒక కాలు ఇట్టే ఆడిస్తే, దాన్ని ఒకరు ఈత అంటారు, ఇంకొకరు తేలడం అంటారు. అందుకే పని కెమెరాకు అప్పగించారు. మొదట్లో వచ్చిన సాఫ్ట్‌వేర్లకు ఎలుక ఒక కదిలే మచ్చ మాత్రమే. ఎటు పోయింది, ఎంత వేగంగా పోయింది, ఎంతసేపు ఆగింది, అంతవరకే.

2018లో డీప్‌ల్యాబ్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ మచ్చకు ఒళ్లు వచ్చింది. మన ముంగిట్లో ముందు చుక్కలు పెట్టి తర్వాత ముగ్గు కలిపినట్టే ఉంటుంది ఆ పని. ముక్కు కొస, రెండు చెవులు, నాలుగు పాదాలు, తోక మొదలు. దాదాపు 200 ఫ్రేముల్లో మనిషి ఈ చుక్కలు పెట్టి చూపిస్తే చాలు, మిగతా వేల ఫ్రేముల్లో యంత్రం తనే పెట్టుకుంటూ పోతుంది. అంత కొద్ది పాఠం ఎలా సరిపోయిందంటే, దాని లోపలి నెట్‌వర్క్ అప్పటికే లక్షల మామూలు ఫొటోలు చూసి చూపు నేర్చుకుని ఉంది. అలెగ్జాండర్ మాథిస్, మెకెంజీ మాథిస్, మాథియాస్ బెట్గే బృందం దాన్ని ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చేసింది. రెండేళ్లకు జ్యూరిక్ పరిశోధకులు ఈత పరీక్షలోనూ మరికొన్నిటిలోనూ దాన్ని మనుషులతో పోల్చి చూశారు. అది చేతిలెక్కకు దీటుగా నిలిచింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాత్రం హార్వర్డ్‌లో సందీప్ రాబర్ట్ దత్తా ప్రయోగశాల చేసిన పని. పిల్లలు వీడియో గేములు ఆడుకునే కైనెక్ట్ కెమెరాను తెచ్చి ఎలుకల పైన వేలాడదీశారు. అది పరారుణ కాంతితో లోతును కొలుస్తుంది. ఆ కాంతి చిట్టెలుకకు కనిపించదు. దానికి అంతా చీకటే, అంటే అది తిరుగాడే వేళే. ఏం చూడాలో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అయినా అది ఎలుక నడవడికను సెకను కూడా పట్టని తునకలుగా విడదీసింది: చటుక్కున తల తిప్పడం, ముంగాళ్లెత్తి నిలబడటం, ఉన్నచోటే తటపటాయించినట్టు ఆగడం. ఏ తునక తర్వాత ఏది వస్తుందో కూడా చెప్పింది. 2020లో అదే పద్ధతితో మెదడు మీద పనిచేసే రకరకాల మందులిచ్చిన ఎలుకలను చూస్తే, ఏ ఎలుకకు ఏ మందు పడిందో, అది ఏ తరగతి మందో పాత పద్ధతుల కన్నా బాగా పోల్చుకోగలిగింది. మోతాదు మారితే నడవడిక మారడమూ పసిగట్టింది.

ఇంకో మేలు ఉంది. గదిలో మగవాళ్లుంటే, వాళ్లు తొడిగి విప్పిన చొక్కా ఉన్నా సరే, ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయని 2014లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. కెమెరాకు చెమట పట్టదు. చూస్తూనే చూసేదాన్ని బెదరగొట్టని చూపు ఎంత అపురూపం!

తేలడాన్ని పోర్సోల్ట్ నిరాశ అన్నారు. ఇక తప్పించుకునే దారి లేదని తెలుసుకున్న ప్రాణి బలం దాచుకుంటోందని ఇవాళ చాలామంది అంటున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. పైగా మనుషులకు వారాలు పట్టే మందు ఆ నీళ్లలో ఒక్కపూటకే పనిచేసినట్టు కనిపిస్తుంది. యంత్రం ఆ దుఃఖం జోలికి పోదు. పాదం ఎక్కడుంది, ఎంతసేపు ఉంది, అదే చెబుతుంది. ఆ నిజాయితీ అంటే నాకు గౌరవం.

అసలీ మందుల పుట్టుకే ఒక చూపులో ఉంది. స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్‌ను స్కిజోఫ్రెనియాకు వాడి చూస్తే పనిచేయలేదు. 1956లో కుంగిపోయినవాళ్లకు ఇచ్చి, వాళ్లను దగ్గరగా గమనించి, వాళ్లు తేరుకుంటున్నారని కనిపెట్టింది ఆయనే. ఈదిన ఎలుక ఒక్కటీ లేదు అక్కడ. ఇప్పుడు ఎలుకలనూ అంత శ్రద్ధగా, నీళ్లలో పడేయకుండా, వాటి సొంత పంజరాల్లోనే చూడగలం: గూడు అల్లుకోవడం, ఒళ్లు దువ్వుకోవడం, తోటిదాన్ని పలకరించడం, రాత్రంతా, రోజుల తరబడి. ఒకే మందుకు ఒకటి తేరుకుని పక్కది తేరుకోకపోతే, ఆ తేడా మొదట ఏ కదలికలో పొడసూపిందో రికార్డు వెనక్కి తిప్పి వెతకవచ్చు. స్టాప్‌వాచ్ ఒక అంకెను మిగిల్చేది. వీడియో మొత్తం రాత్రిని దాచి ఉంచుతుంది. మొదటి మందుతో కోలుకోని మనుషులు ఎందరో ఉన్నారు గనుక, ఆ వెతుకులాట ఇప్పుడే జరగాలి.