బంగారుపిల్లి

పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనని మనలో నొక మాట కలదు. కాశికి పోయి యీయవలెనని కొందరందురు. గుంటూరు, ప్రకాశము సీమల పల్లెలలో పాలకుండ ఒలికిన కోపమున ఎత్తిన కఱ్ఱ ఈ మాట తలపునకు రాగానే దిగిపోవుట కలదు. భయమువలననైనను కొన్ని ప్రాణములు నిలిచినవి గదా! దానిని నేను కాదనను. అయినను ఈ ధర్మమునందు పిల్లి పాలెంత, బంగారము పాలెంత యని విచారింపవలసియున్నది.

మనుస్మృతి 11వ అధ్యాయమున పిల్లి, ముంగిస, పాలపిట్ట, కప్ప, కుక్క, ఉడుము, గుడ్లగూబ, కాకి, వీనిని చంపినవాడు శూద్రహత్యకు చెప్పిన వ్రతమునే చేయవలెనని యున్నది. మూడురాత్రులు పాలు త్రాగియుండుట, యోజనము నడచుట, నదీస్నానము మున్నగునవి వికల్పములు. పామును చంపినవాడు ఇనుపపారను దానమీయవలెనట. బంగారుపిల్లి యచట కానరాదు. కప్ప ప్రాణమును, మనుష్యుని ప్రాణమును ఒకే త్రాసున తూచిన ఆ వాక్యమును చదివినపుడు నాకు పిల్లిమాట మఱపునకు వచ్చి, ఆ మనుష్యుని గూర్చియే దుఃఖము కలుగును. ప్రాణములను తూచుట కలవాటుపడిన చేతికి తులములను తూచుట యేమి కష్టము?

హిందీలో భగవతీచరణ వర్మ వ్రాసిన 'ప్రాయశ్చిత్' అను కథలో ఈ తూకమే జరుగును. కోడలి దెబ్బకు పిల్లి పడిపోవును. పురోహితుడు 21 తులముల పిల్లితో బేరము మొదలుపెట్టి 11 తులములకు దిగును. ఇంతలో దాసి వచ్చి, పిల్లి లేచి పారిపోయినదని చెప్పును. చదివి నవ్వుదుము. కాని వెల కట్టిన పాపము కలవానికి ఖర్చు మాత్రమే. పత్తితీతకు కూలిపోవు ఆడుదాని చేత పిల్లి చచ్చినచో, ఆమె యెచటినుండి తులములు తెచ్చును? పాపమామెకే మిగులవలెనా?

పిల్లి బంగారమును కోరలేదు. దాని పసిడి దాని కన్నులలోనే కలదు. కంటి వెనుకనున్న పొర వెలుగును తిరుగగొట్టుటచే చీకటిలో దీపము పడగానే అవి మెఱయును. ఇంటిలో పోసిన పత్తిలో గూడుకట్టి గింజలు కొఱుకు ఎలుకను అదియే పట్టును. ధాన్యపు బస్తాలను అదియే కాచును. దానికి మనమిచ్చు జీతమేమి? లోభిని పిల్లికి బిచ్చము పెట్టడందుము గాని, ఆ మాట మనలో నెందరికి తగులునో!

పిల్లి యీనినపుడు మన యిండ్లలో జరుగునది చూడుడు. కన్ను తెఱవని కూనలను గోనెసంచిలో వేసి, పొలిమేర దాటించి, కాలువగట్టున విడిచి వత్తురు. తల్లి రెండుమూడు దినములు గదిగదికిని తిరిగి అఱచును. కూనలు ఎండకో, ఆకలికో, కుక్కలకో పోవును. మేము చంపలేదు గదా యని యింటివారు నిశ్చింతగా నుందురు. బంగారుపిల్లి భయము చేతిని పట్టుకొన్నదే గాని మనస్సును తాకలేదు. ఆకలిదప్పులచే బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరమే. మొదటి తప్పునకు ఆ చట్టము పెట్టిన జుల్మానా పది రూపాయలు మొదలు ఏబది వఱకు! ధర్మమేమో తులముల బంగారమడిగినది, చట్టమేమో చిల్లర అడిగినది; ఆ గోనెసంచి రెంటికిని దొరకకుండ పొలిమేర దాటుచునే యున్నది.

పిల్లి మఱల ఈనకుండ పశువైద్యుడు శస్త్రచికిత్స చేయగలడు. కూనలు వలదనుకొన్నవారు ముందుగనే ఆయనయొద్దకు తీసికొనిపోవచ్చును. ఆ ఖర్చునకు బంగారుపిల్లికి తోకయైనను రాదు.