రాయల పేరు, దత్త మండలం

2014 విభజన చట్టంలో సెక్షన్ 3 తెలంగాణని ఏర్పాటు చేసింది. సెక్షన్ 4, అది పోగా మిగిలిందే ఆంధ్రప్రదేశ్ అంది. 1953లో మనం మద్రాసు నుంచి బయటికొచ్చినప్పుడూ ఇదే పద్ధతి, పాత పేరు అక్కడే ఉండిపోయింది. వెళ్ళేవాడు కొత్త పేరు చూసుకోవాలి, ఉండిపోయినవాడికి పాతది దక్కుతుంది. న్యాయమేనా? ఇంటి పంపకాల్లో అయితే ఇంత తేలిగ్గా ఒప్పుకోం.

మాది కర్నూలు. హైదరాబాద్‌లో "ఆంధ్రానా?" అని అడిగితే "కాదు, సీమ" అంటాం. చట్టం లెక్కన ఆంధ్రానే.

ఈ సీమ అనే పేరు మేం పెట్టుకున్నదే. అంతకుముందు మావి దత్త మండలాలు. కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో రాసిచ్చేసిన జిల్లాలు కాబట్టి ఆ పేరు. అందులో ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడున్నాడు, ఇక్కడ బతికినవాళ్ళు మాత్రం లేరు. (కర్నూలుకి ఆ పేరు సరిగ్గా అతకదు కూడా. దాన్ని నవాబు దగ్గర్నుంచి కంపెనీ లాక్కున్నది 1839లో.) 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్నారు, సభ ఒప్పుకుంది.

అప్పటికి బళ్ళారి జిల్లా మాతోనే ఉంది, హంపి అందులోదే. 1953లో హోస్పేట తాలూకాతో పాటు హంపి కూడా మైసూరుకి పోయింది. అంటే రాయల పేరు మా దగ్గర, రాయల రాజధాని అక్కడ. అయినా ఆ పేరు అబద్ధమైపోయిందని నేననుకోను, పేరు పట్టాదారు పుస్తకం కాదు కదా. నా ఇబ్బంది వేరే. దత్త మండలం అన్న మాటలో ఒక ఫిర్యాదు ఉండేది: మమ్మల్ని అడక్కుండా ఇచ్చేశారని. రాయలసీమలో గర్వం మాత్రమే ఉంది. రతనాలసీమ అంటూ మొదలయ్యే ఉపన్యాసం బోరుబావి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది.

2013 చివర్లో ఢిల్లీలో 'రాయల తెలంగాణ' అన్నారు. కర్నూలు, అనంతపురం అటు. కడప, చిత్తూరు ఇటు. పేరుని కూడా మధ్యకి కోసి, రాయలని అటిచ్చి సీమని ఇటు వదిలారన్నమాట. డిసెంబరులో కేబినెట్ పది జిల్లాల తెలంగాణకే ఒప్పుకోవడంతో అది ఆగిపోయింది. ఆ కొన్ని రోజుల్లో కర్నూల్లో మా వీధిలో ఎవర్నైనా వచ్చి అడిగినట్టు నాకు గుర్తులేదు.