రహస్యపాలన – ప్రాణరక్షణ

మిత్రుని రహస్యాన్ని వెల్లడించకపోవడం సజ్జన లక్షణమని పెద్దల మాట. ఆ రహస్యమే అతని ప్రాణానికి ముప్పు తెచ్చేదైనప్పుడు ధర్మమేది?

వసతిగృహంలో ఒక విద్యార్థి వారాల తరబడి నిద్రాహారాలకు దూరమై, చదువుపై ఆసక్తి కోల్పోయి, తాను లేకపోతేనే అందరికీ సుఖమంటాడు. ఎవరికీ చెప్పవద్దని స్నేహితునిచేత ఒట్టు వేయించుకుంటాడు. ఈ కుంగుబాటు సోమరితనం కాదు, భక్తిలోపం అంతకంటే కాదు; చికిత్సకు లొంగే వ్యాధి.

తిరుమంత్రార్థాన్ని ఎవరికీ చెప్పరాదని గోష్ఠీపూర్ణులు భగవద్రామానుజులచేత మాట తీసుకున్నారనీ, తానొక్కడు నరకానికి పోయినా పెక్కుమంది తరిస్తారని రామానుజులు తిరుక్కోష్టియూరు ఆలయగోపురమెక్కి దానిని చాటారనీ గురుపరంపరా గాథ. ఆ కరుణకు గురువే పరవశించి ఆయనను ‘ఎంబెరుమానార్’ అని సంభావించారు.

ఇచ్చిన మాటకంటే జీవుని ఉజ్జీవనం మిన్న అని ఈ వృత్తాంతం ఉపదేశిస్తున్నది. అయితే మిత్రుని వేదన గోపురమెక్కి చాటదగినది కాదు. తగినవారి చెవిన మాత్రమే వేయదగినది. అతడు చెప్పినది నిందింపక వినాలి, ఒంటరిగా విడువరాదు, తల్లిదండ్రులకో, అధ్యాపకునికో, వైద్యునికో వెంటనే తెలపాలి. కేంద్రప్రభుత్వం 2022లో నెలకొల్పిన ‘టెలీ మానస్’ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఒట్టు తప్పినందుకు మిత్రుడు కోపించవచ్చు. ఆ కోపాన్ని భరించడమూ భాగవత కైంకర్యమే.