గోపురం ఎక్కాల్సింది ఎవరు?



పోయిన వారం వీడియోలో రామానుజుల వారి గోపురం కథ చెప్పుకున్నాం కదా. అష్టాక్షరి కోసం ఆయన తిరుక్కోష్టియూరుకు 18 సార్లు నడిచారు. "ఎవరికైనా చెబితే నరకానికి పోతావు" అన్నారు గురువుగారు. ఆయన నేరుగా గోపురమెక్కి అందరికీ చెప్పేశారు. ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫర్వాలేదు అనుకున్నారని గురుపరంపర చెబుతుంది.

ఆ వీడియో చూసి అమెరికా నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కథ బాగా చెప్పావు. మరి మా పెళ్లికి పెదనాన్న మంత్రాలు చదువుతారా?"

వాడు పెళ్లి చేసుకోబోయేది ఇంకో అబ్బాయిని. అక్కడ 2015 నుంచి దేశమంతటా అది చట్టబద్ధమే. మా నాన్నగారు 40 ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నారు. "కనుక్కుని చెప్తా రా" అని ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పాలంటే, అడిగే ధైర్యం నాకే లేదు. (వాడి అనుమతితోనే ఇది రాస్తున్నాను.)

అప్పుడు ఒక పాస్టర్ గారి సంగతి గుర్తొచ్చింది. మతం వేరే అయినా ప్రశ్న మనదే.

ఆయన పేరు ఫ్రాంక్ షేఫర్. పెన్సిల్వేనియాలో యునైటెడ్ మెథడిస్ట్ పాస్టర్. 2007లో మసాచుసెట్స్‌లో తన కొడుక్కి ఇంకో అబ్బాయితో పెళ్లి జరిపించారు. వాళ్ల చర్చి నియమాల ప్రకారం అది నేరం. 2013లో చర్చి ఆయన్ని విచారించి, ముందు 30 రోజులు సస్పెండ్ చేసింది. ఇకపై నియమాలన్నీ పాటిస్తానని మాటిస్తే పాస్టర్‌గా ఉండొచ్చు. ఆయన ఆ మాట ఇవ్వలేదు. డిసెంబరులో పాస్టర్ హోదా తీసేశారు. 2014లో అప్పీలులో అది తిరిగి వచ్చింది. నియమం మారడానికి మాత్రం 2024 దాకా పట్టింది. ఇప్పుడు అలాంటి పెళ్లి చేయించిన పాస్టర్‌కీ శిక్ష లేదు, చేయించనన్న పాస్టర్‌కీ శిక్ష లేదు. ఈలోగా, ఎక్కువగా ఈ గొడవ మీదే, అమెరికాలో 7,500కు పైగా చర్చిలు ఆ సంస్థను వదిలి వెళ్లిపోయాయి.

వద్దన్నవాళ్లంతా రాతిగుండెవాళ్లని నేననను. తమ గ్రంథం మీద నమ్మకంతోనే వద్దన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. మనలోనూ వివాహం వంశం కోసమే కదా అనేవాళ్లున్నారు, అది కొట్టిపారేసే మాట కాదు. కానీ పిల్లలు కలగలేదని ఏ పురోహితుడూ పెళ్లిని వెనక్కి తీసుకోడు కదా. ఏడడుగులూ నడిచాక వరుడు వధువుతో చెప్పేది కూడా స్నేహం గురించే. 2002లో సియాటిల్‌లో ఇద్దరు అమ్మాయిలకు ఒక శైవ పురోహితుడు పెళ్లి చేయించారని పరిశోధకురాలు రూత్ వనిత రాశారు. పెళ్లంటే రెండు ఆత్మల కలయిక, ఆత్మకు ఆడా మగా లేదు అన్నది ఆయన వాదన.

శాస్త్ర చర్చ తేల్చే అర్హత నాకు లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న చిన్నది: నష్టం ఎవరు మోస్తున్నారు? రామానుజులు నరకాన్ని తన మీద వేసుకున్నారు. షేఫర్ గారు తన ఉద్యోగాన్నే పణంగా పెట్టారు. మనం నియమం పేరు చెప్పి తప్పుకున్నప్పుడు మాత్రం మనకేమీ పోదు. పోయేదంతా ఆ పిల్లాడికే.

ఆదివారం సంధ్యావందనం అయ్యాక నాన్నగారిని అడిగేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కన్యాదానం దగ్గర ఏం చదవాలో నాకు తెలీదురా. తెలియంది చదివి వాణ్ణి మోసం చెయ్యలేను. ఆశీర్వచనం మాత్రం చదువుతాను. అందరి ముందే చదువుతాను."

2023 డిసెంబరులో కాథలిక్ చర్చి కూడా దాదాపు ఇక్కడే ఆగింది. అలాంటి జంటను ప్రీస్ట్ దీవించొచ్చు కానీ అది పెళ్లి తంతులా ఉండకూడదంది. ఇది సరిపోతుందా? సరిపోదనే నాకనిపిస్తోంది. వాడికి ఫోన్ చేసి నాన్నగారి మాటలు ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అందరి ముందే అన్నారా, అన్నయ్యా?" అని మాత్రం అడిగాడు.

గోపురం కథ అంతమందికి చెప్పి, నా వంతు వచ్చేసరికి నాన్నగారి వెనక దాక్కున్నాను. అందుకే బంధువులందరికీ ఈ పెళ్లి కబురు చెప్పే పని నేనే తీసుకున్నాను. ఇప్పటికి ఇద్దరికి చెప్పాను. ఒకరు ఫోన్ పెట్టేశారు. ఇంకొకరు ముహూర్తం ఎప్పుడని అడిగారు.

మీ ఇంట్లోనూ ఇలా అడగడానికి భయపడుతున్నవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. వాళ్లు అడిగేదాకా ఆగకండి.

జై శ్రీమన్నారాయణ!